నెల తిరగని బిడ్డ: దేశం వేసిన ప్రణాళిక, ఇంట్లో మన వంతు



బిడ్డ పుట్టగానే బంధువులు అడిగే ప్రశ్నలు రెండు. "ఆడబిడ్డా, మగబిడ్డా?" అని ఒకటి, "బరువెంత?" అని ఇంకొకటి. మా కాన్పుల వార్డు వరండాలో ఈ రెండు ప్రశ్నలూ రోజూ వింటూనే ఉంటాము. మూడో ప్రశ్న మాత్రం చాలా అరుదుగా వినిపిస్తుంది. "ఈ బిడ్డ మొదటి నెల క్షేమంగా గడవాలంటే ఎవరెవరు ఏమేమి చేయాలి?"

ఈ ప్రశ్నకు మన దేశం 2014 సెప్టెంబరులో రాతపూర్వకంగా ఒక జవాబు ఇచ్చుకుంది. దాని పేరు భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక. "ఢిల్లీలో వేసిన ప్రణాళికకూ మా ఇంటి ఉయ్యాలకూ సంబంధం ఏమిటండీ?" అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. ఆ ప్రణాళికలోని పనులలో కొన్ని ప్రభుత్వం చేయాలి, కొన్ని మావంటి ఆసుపత్రులు చేయాలి, కొన్ని మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగవు. ఎవరి పని ఏదో తెలుసుకోవడమే ఈ నెల పాఠం.

1. మొదట లెక్క చూద్దాం

పుట్టిన రోజు నుంచి 28 రోజుల లోపు బిడ్డను నవజాత శిశువు అంటారు. సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఈ 28 రోజులలోపు ఎంతమంది చనిపోతున్నారో లెక్క కడతారు. దానినే నవజాత శిశు మరణాల రేటు అంటారు.

మన దేశంలో ఈ సంఖ్య 2000లో 44. 2013లో 28. 2021 నాటికి 19. ఇది చిన్న మార్పు కాదు. ఇరవై ఏళ్ళలో సగానికి పైగా తగ్గింది. అయినా 2013 నాటికి కూడా ఏడాదికి దాదాపు ఏడున్నర లక్షల మంది పసిబిడ్డలు నెల తిరగకుండానే చనిపోయేవారు. ప్రణాళిక వేయవలసి వచ్చింది అందుకే.

ఈ లెక్క అన్నిచోట్లా ఒక్కలా లేదు. 2020లో కేరళలో ఈ రేటు 4, తమిళనాడులో 9, మధ్యప్రదేశ్‌లో 31. దేశం మొత్తం మీద పట్టణాలలో 12, పల్లెలలో 23. మన రెండు రాష్ట్రాల సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 20, తెలంగాణలో సుమారు 17. ఒకే దేశం, ఒకే మందులు. అయినా కేరళలో బతికే బిడ్డ ఇంకొక చోట ఎందుకు బతకడం లేదు? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ముందుకు వెళదాం.

2. ఎప్పుడు చనిపోతున్నారు? ఎందుకు?

ఎవరు, ఎప్పుడు, ఎందుకు చనిపోతున్నారో తెలియకుండా వేసిన ప్రణాళిక, రోగమేదో తెలియకుండా రాసిన మందుచీటీ వంటిది. అందుకే 2014 ప్రణాళిక తయారుచేసిన వారు మొదట కారణాలు విడదీసి చూశారు. ముఖ్యమైనవి మూడు.

మొదటిది, నెలలు నిండకుండా పుట్టడం. మరణాలలో మూడో వంతుకు పైగా ఇందువల్లనే. రెండవది, సూక్ష్మక్రిముల వల్ల వచ్చే జబ్బులు, అంటే రక్తంలో చీము చేరడం, నిమ్ము వంటివి. ఇవి దాదాపు మూడో వంతు. మూడవది, కాన్పు సమయంలో బిడ్డకు ఊపిరి అందకపోవడం. ఇది సుమారు ఐదో వంతు. పుట్టుకతో వచ్చే లోపాల వల్ల చనిపోయేవారు వీటితో పోలిస్తే తక్కువ.

ఇక ఎప్పుడు అంటే, నెల లోపు చనిపోయే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు మొదటి వారంలోనే పోతున్నారు. మూడో వంతుకు పైగా మొదటి రోజే పోతున్నారు. కాబట్టి బిడ్డ ప్రాణం విషయంలో నెలలు కాదు, గంటలు లెక్కపెట్టాలి.

3. గడ్చిరోలి నేర్పిన పాఠం

ఈ ప్రణాళికలో ఒక పెద్ద భాగం పల్లెలో పుట్టి ఢిల్లీకి వెళ్ళింది. ఆ కథ మనకు దగ్గరదే. ప్రాణహిత, గోదావరి నదులకు ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అడవులు, దూరం దూరంగా ఊళ్ళు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అనే దంపతులు 1986 నుంచి అక్కడ పనిచేస్తున్నారు. అక్కడ కాన్పులు ఎక్కువగా ఇళ్ళలోనే జరిగేవి. జబ్బు చేసిన పసిబిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళేవారు చాలా తక్కువ.

వారు ముందుగా లెక్కపెట్టారు. 1993-95లో తాము పని మొదలుపెట్టబోయే 39 ఊళ్ళలో వెయ్యికి 62 మంది పసిబిడ్డలు నెలలోపే చనిపోతున్నట్టు తేలింది. తరువాత ఆ ఊళ్ళలోనే కొద్దిగా చదువుకున్న స్త్రీలను ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. కాన్పు సమయంలో మంత్రసానితో పాటు ఉండడం, ఊపిరి తీయని బిడ్డకు ఊపిరి అందించడం, బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, తల్లి చేత పాలు పట్టించడం, ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడడం నేర్పారు. క్రిములు సోకిన బిడ్డను గుర్తుపట్టడం, తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఆ ఇంట్లోనే మందు, ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పారు.

మూడేళ్ళు గడిచేసరికి ఆ ఊళ్ళలో మరణాలు వెయ్యికి 62 నుంచి సుమారు 25కు దిగాయి. పోల్చి చూడడానికి పెట్టుకున్న మరో 47 ఊళ్ళలో ఏమీ తగ్గలేదు. క్రిములు సోకిన బిడ్డలలో అంతకుముందు వందకు 16, 17 మంది చనిపోయేవారు. మందు ఇంటికే వచ్చాక ముగ్గురు కూడా లేరు. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

ఇందులో కొత్త యంత్రాలు లేవు. ఖరీదైన మందులు లేవు. సరైన గంటలో సరైన పని చేయగల మనిషి ఇంటి గడప దగ్గర ఉంది. అంతే తేడా. తరువాత ఇతర ప్రాంతాలలో కూడా ఈ పద్ధతిని పరీక్షించి, 2011లో ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటా ఇంటివద్ద శిశు సంరక్షణ మొదలుపెట్టింది.

అందుకే మీ ఇంటికి ఆశా వస్తున్నది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆరుసార్లు రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు రావాలి. ఆమె వచ్చేది కాగితం నింపుకోవడానికి కాదు. బిడ్డ బట్టలు విప్పి చూడడానికి, బరువు తూచడానికి, ఒళ్ళు వేడిగా ఉందా చల్లగా ఉందా చూడడానికి వస్తుంది. "బిడ్డ నిద్రపోతున్నది, రేపు రా అమ్మా" అని గుమ్మంలోనుంచే పంపేయకండి.

4. ఆసుపత్రి గేటు దాటితే చాలా?

ఒకప్పుడు అందరూ అనుకున్నది ఇదే. కాన్పులన్నీ ఆసుపత్రులకు వస్తే బిడ్డలందరూ బతుకుతారని. 2005లో జననీ సురక్ష యోజన మొదలైంది. ఆసుపత్రిలో కాన్పు చేయించుకున్న పేద తల్లికి డబ్బు సహాయం ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2011లో జననీ శిశు సురక్ష కార్యక్రమం వచ్చింది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకలు ఉచితం. జబ్బు చేసిన పసిబిడ్డకు మొదట 30 రోజుల వరకు, తరువాత ఏడాది వయసు వరకు వైద్యం ఉచితం చేశారు.

ఫలితం కనిపించింది. 2005-06లో దేశంలో వందకు 39 కాన్పులు మాత్రమే ఆసుపత్రులలో జరిగాయి. 2019-21 నాటికి 89 జరిగాయి. మన రెండు రాష్ట్రాలలో 96, 97 దాకా చేరాయి.

అయితే కాన్పులు ఆసుపత్రికి వచ్చినంత వేగంగా మరణాలు తగ్గలేదు. ఎందుకు? బిడ్డను బతికించేది గోడలు కాదు, ఆ గోడల మధ్య జరిగే పని. ఒక ఉదాహరణ చెబుతాము. ఇది మమ్మల్ని మేము ప్రశ్నించుకోవలసిన విషయం. బిడ్డకు మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలని అందరికీ తెలుసు. అదే 2019-21 సర్వేలో మొదటి గంటలో పాలు తాగిన బిడ్డలు దేశంలో వందకు 42 మందే. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 52. తెలంగాణలో 37. అంటే దాదాపు ప్రతి కాన్పూ డాక్టరు, నర్సుల సమక్షంలోనే జరుగుతున్నది. అయినా బిడ్డ తల్లి రొమ్ముకు చేరడం లేదు. ఆపరేషన్ కాన్పులు ఎక్కువ కావడం ఒక కారణం. "తల్లికి మత్తు దిగనీ", "ముందు బిడ్డను బంధువులకు చూపించనీ" అనే మా అలవాట్లు ఒక కారణం. "ముర్రుపాలు మంచివి కావు, ముందు తేనె నాకిద్దాం" అనే ఇంటి అలవాట్లు ఇంకొక కారణం. తప్పు ఒక్కరిది కాదు. దిద్దుకోవలసింది ఇద్దరమూ.

5. 2014 ప్రణాళికలోని ఆరు మెట్లు

ఇవన్నీ చూశాక తయారైన జాతీయ ప్రణాళిక, పనిని ఆరు మెట్లుగా విడదీసింది.

మొదటి మెట్టు: గర్భం రాకముందు, గర్భంతో ఉన్నప్పుడు సంరక్షణ.
రెండవ మెట్టు: నొప్పులు, కాన్పు సమయంలో సంరక్షణ.
మూడవ మెట్టు: పుట్టిన వెంటనే బిడ్డ సంరక్షణ.
నాలుగవ మెట్టు: ఆరోగ్యంగా ఉన్న బిడ్డ సంరక్షణ.
ఐదవ మెట్టు: బరువు తక్కువ బిడ్డ, జబ్బు చేసిన బిడ్డ సంరక్షణ.
ఆరవ మెట్టు: బతికి బయటపడిన బిడ్డ చక్కగా ఎదిగేలా చూడడం.

దీని గురి ఏమిటంటే, 2030 నాటికి నవజాత శిశు మరణాలను వెయ్యికి పది లోపుకు తేవడం. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న గురి 12. మన దేశం అంతకంటె తక్కువ పెట్టుకుంది. ఇంకొక మంచి పని కూడా చేసింది. కడుపులోనే చనిపోయి పుట్టే బిడ్డలను కూడా లెక్కలోకి తీసుకుని, ఆ సంఖ్య కూడా పది లోపుకు రావాలని రాసింది. అంతకుముందు ఆ బిడ్డల ఊసు ఎత్తినవారు తక్కువ.

మెట్లు ఆరు ఉన్నా బిడ్డ ఒక్కటే. ఒక మెట్టు విరిగితే పై మెట్టు ఎంత గట్టిగా ఉన్నా ఎక్కలేము. ఇప్పుడు ఒక్కొక్క గంట తీసుకుని, అది ఎవరి వంతో చూద్దాం.

6. ఏ గంట ఎవరిది?

కాన్పుకు ముందు నెలలు – తల్లి, భర్త, అత్తగారు. రక్తం తక్కువగా ఉన్న తల్లికి, బి.పి. పెరిగిన తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. గర్భం తెలియగానే పేరు నమోదు చేయించండి. కనీసం నాలుగుసార్లు పరీక్షకు రండి. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షల రోజు ఉంది. ఐరన్ మాత్రలు మింగండి. ధనుర్వాతం టీకా వేయించుకోండి. ఒకప్పుడు బొడ్డు ద్వారా ధనుర్వాతం సోకి ఎందరో పసిబిడ్డలు పోయేవారు. తల్లులకు టీకాలు వేయడం, శుభ్రమైన కాన్పుల వల్ల 2015లో మన దేశం ఆ జబ్బు ప్రజారోగ్య సమస్యగా లేని దేశాల జాబితాలో చేరింది. ప్రణాళిక పనిచేస్తుందనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

నెలలు నిండకముందే నొప్పులు వస్తే ఇంట్లో కూర్చోకండి. సమయానికి వస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి తల్లికి ఇంజెక్షన్ ఇచ్చే వీలుంటుంది. బిడ్డ పుట్టాక ఆ అవకాశం ఉండదు.

మొదటి నిమిషం – ఆసుపత్రి. పుట్టిన బిడ్డ ఏడవాలి, ఊపిరి తీయాలి. తీయకపోతే ఒక్క నిమిషంలోపు తుడిచి, సంచి, మాస్కుతో గాలి అందించాలి. 2009 నుంచి నవజాత శిశు సురక్ష కార్యక్రమం పేరుతో కాన్పు చేసే డాక్టర్లకు, నర్సులకు, ఏ.ఎన్.ఎం.లకు ఈ పని నేర్పుతున్నారు. కాన్పు గదిలో బిడ్డ కోసం వెచ్చని మూల ఒకటి తప్పకుండా ఉండాలి. ఈ నిమిషం పూర్తిగా మాది. మీరు చేయగలిగింది ఒక్కటే, కాన్పును శిక్షణ లేని చేతులలో పెట్టకపోవడం.

మొదటి గంట – ఆసుపత్రి, కుటుంబం కలిసి. బిడ్డను పొడిగా తుడిచి తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి పాలు పట్టించాలి. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలు బిడ్డకు మొదటి టీకా వంటివి. పిండి పారేయకండి. ఆపరేషన్ అయినా తల్లి మెలకువగా ఉంటే పాలు పట్టవచ్చు. "సిస్టరమ్మా, బిడ్డకు పాలు పట్టిస్తారా?" అని మీరే అడగండి. అడిగితే మేము నొచ్చుకోము. గుర్తుచేసినందుకు సంతోషిస్తాము.

మొదటి రోజు – అమ్మమ్మ, నాయనమ్మ. బిడ్డకు 24 గంటల లోపు స్నానం చేయించకండి. బరువు తక్కువ బిడ్డకైతే డాక్టరు చెప్పేదాకా ఆగండి. పెద్దవాళ్ళకు చల్లగా అనిపించని గాలి కూడా తడి ఒంటి పసిబిడ్డకు చలే. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వేయండి. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ రాయవద్దు. పొడిగా వదిలేస్తే అదే ఊడిపోతుంది. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం, గ్రైప్ వాటర్ పట్టవద్దు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కరలేదు. ముక్కులో, చెవుల్లో నూనె పోయవద్దు. గదినిండా సాంబ్రాణి పొగ పెట్టి తలుపులు మూయవద్దు. బిడ్డను ఎత్తుకునే ప్రతివారూ ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చూడవచ్చిన చుట్టాలకు ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

మొదటి నెల – ఇల్లు, ఆశా. రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు పట్టాలి. ఈ రోజులలోనే క్రిములు సోకేది. ఈ రోజులలోనే బిడ్డ మా కళ్ళముందు కాక మీ కళ్ళముందు ఉంటుంది.

7. బరువు తక్కువ బిడ్డకు తల్లి గుండెలే పెట్టె

రెండున్నర కిలోల కంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను చూసి "గాజుపెట్టెలో పెట్టండి డాక్టరుగారూ" అని అడుగుతారు. కొందరికి అది అవసరమే. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో ప్రత్యేక నవజాత శిశు విభాగం ఒకటి మొదలైంది. ఆ నమూనా ఇప్పుడు దేశమంతటా వ్యాపించింది. 900కు పైగా ఆసుపత్రులలో ఎస్.ఎన్.సి.యు. పేరుతో ఇవి ఉన్నాయి. సాధారణంగా జిల్లా ఆసుపత్రిలో ఉంటుంది. మీకు దగ్గరలో ఎక్కడుందో ఇప్పుడే తెలుసుకుని ఉంచుకోండి.

దానితో పాటు ఇంకొక పద్ధతి ఉంది. 1978లో కొలంబియా దేశపు రాజధాని బొగొటాలో పెట్టెలు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే ఒక ఆలోచన చేశారు. నెలలు నిండని బిడ్డను తల్లి ఒంటికే కట్టి ఉంచారు. అదే కంగారూ పద్ధతి. బిడ్డకు లంగోటా, టోపీ, మేజోళ్ళు మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, పైన మెత్తని గుడ్డతో కట్టాలి. తల ఒక పక్కకు తిరిగి ఉండాలి. ముక్కు మూసుకుపోకూడదు. రోజులో వీలైనన్ని ఎక్కువ గంటలు ఉంచాలి. తల్లి అలసిపోతే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఉంచవచ్చు.

మొదట్లో బిడ్డ కాస్త కుదుటపడ్డాకే ఇది చేయాలనుకునేవారు. 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆ మాట మార్చింది. మన ఢిల్లీలోని ఒక ఆసుపత్రితో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రులలో, కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల మధ్య పుట్టిన బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి చేర్చారు. మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పుట్టినప్పటినుంచే ఇలా ఉంచమని చెబుతున్నది. మా పిల్లల వార్డులో లుంగీ కట్టుకుని, చొక్కా విప్పి, బిడ్డను గుండెకు ఆనించుకుని కూర్చున్న తండ్రులను మీరు చూసి ఉండవచ్చు. నవ్వకండి. వారు చేస్తున్నది వైద్యమే.

8. ఈ గుర్తులు కనిపిస్తే గంట కూడా ఆగవద్దు

• బిడ్డ పాలు తాగడం మానేసింది, లేదా బాగా తగ్గించింది.
• డొక్కలు ఎగరేస్తున్నది, మూలుగుతున్నది, లేదా నిమిషానికి 60 సార్లు, అంతకంటె ఎక్కువ ఊపిరి తీస్తున్నది.
• ఒళ్ళు కాలిపోతున్నది, లేదా పొట్ట, పాదాలు కూడా చల్లబడ్డాయి.
• మగతగా పడి ఉన్నది, లేపినా సరిగా లేవడం లేదు, ఏడుపు నీరసించింది.
• ఫిట్స్ వచ్చాయి, కళ్ళు తేలేస్తున్నది.
• మొదటి రోజే ఒళ్ళు పచ్చబడింది, లేదా పసుపురంగు అరచేతులకు, అరికాళ్ళకు పాకింది.
• బొడ్డు చుట్టూ ఎర్రబడింది, చీము కారుతున్నది, ఒంటిమీద చీముపొక్కులు లేచాయి.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. పసిబిడ్డ జబ్బు పెద్దవాళ్ళ జబ్బులా మెల్లగా ముదరదు. పొద్దున పాలు మానేసిన బిడ్డ రాత్రికి చేయి దాటిపోవచ్చు.

మేము మళ్ళీ మళ్ళీ చూసే సంగతి ఒకటి చెబుతాము. ఆరో రోజున బిడ్డ పాలు తాగదు. "నిద్రమత్తు" అనుకుంటారు. ఏడో రోజున దిష్టి తీస్తారు. ఎనిమిదో రోజున పచ్చగా ఉందని ఎండలో పడుకోబెడతారు. "పదకొండో రోజు పురుడు వెళ్ళేదాకా బిడ్డను గడప దాటించమండీ" అంటారు. తొమ్మిదో రోజు రాత్రి బిడ్డ చల్లబడి, నీలంగా మారాక ఆటోలో తీసుకువస్తారు. ఆ నాయనమ్మ ఒడిలోనుంచి బిడ్డను అందుకున్నప్పుడు ఆమె ముఖం చూడలేము. ఆ బిడ్డమీద ఆమెకున్న ప్రేమ మాకంటె ఎక్కువే. లేనిదల్లా ఒక్కటి, ఏ గుర్తు చూస్తే బయలుదేరాలో ఎవరూ చెప్పకపోవడం. మేము చెప్పవలసింది. ఇప్పుడు చెబుతున్నాము.

బయలుదేరేటప్పుడు 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను తల్లి ఒంటికి ఆనించి, పైన కప్పి వెచ్చగా ఉంచండి. తాగగలిగితే పాలు పట్టించండి. డబ్బు సర్దుబాటు కోసం ఆగవద్దు. మా దగ్గరకు వచ్చినా, ఉచితంగా చూసే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళినా మాకు ఒకటే. బిడ్డ వేళకు చేరడమే కావాలి.

9. పోయిన బిడ్డ కూడా లెక్కలో ఉండాలి

ఈ భాగం రాయడం కష్టం. చదవడమూ కొందరికి కష్టమే. అయినా చెప్పాలి.

పేరు పెట్టకముందే పోయిన బిడ్డ గురించి మన ఇళ్ళలో మాట్లాడరు. "ఆ మాట ఎత్తకు, తల్లి బాధపడుతుంది" అంటారు. తల్లి మాత్రం మరచిపోదు. మాట్లాడనందువల్ల ఆమె బాధ తగ్గదు, ఒంటరిదవుతుంది. ఆ బిడ్డ పుట్టుకా, చావూ ఎక్కడా రాయించకపోతే, ప్రభుత్వం లెక్కలో ఆ బిడ్డ అసలు లేనట్టే. పాఠం మొదట్లో చెప్పిన ఆ అంకెలన్నీ ఇటువంటి బిడ్డలవే. రాయించినందువల్లనే ఏ జిల్లాలో ఏ కారణంతో పోతున్నారో తెలిసింది. ఎక్కడ విభాగం తెరవాలో, ఎవరికి శిక్షణ ఇవ్వాలో తెలిసింది.

చట్టం ప్రకారం ప్రతి జననాన్ని, మరణాన్ని 21 రోజుల లోపు నమోదు చేయించాలి. చనిపోయి పుట్టిన బిడ్డను కూడా నమోదు చేయించాలి. 2014 నుంచి శిశు మరణాలను సమీక్షించే పద్ధతి కూడా ఉంది. అందుకోసం ఏ.ఎన్.ఎం. గాని, ఇంకొకరు గాని ఇంటికి వచ్చి ఏం జరిగిందో అడగవచ్చు. వారు మీ తప్పు ఎంచడానికి రారు. ఎక్కడ ఆలస్యమైంది, బండి దొరకలేదా, ఆసుపత్రిలో చూసేవారు లేరా అని తెలుసుకోవడానికి వస్తారు. ఆసుపత్రి వల్ల లోపం జరిగి ఉంటే అది కూడా చెప్పండి. మీరు చెప్పిన ఆ నాలుగు మాటలు పక్క ఊరిలో ఇంకొక బిడ్డకు ఊపిరి కావచ్చు.

10. మీ ఇంటి ప్రణాళిక

దేశానికి ప్రణాళిక ఉన్నట్టే ప్రతి ఇంటికీ ఒకటి ఉండాలి. మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఏడో నెల దాటకముందే అందరూ కూర్చుని ఈ జవాబులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

1. కాన్పు ఎక్కడ? ఆ ఆసుపత్రిలో ఊపిరి తీయని బిడ్డకు గాలి అందించే ఏర్పాటు ఉందా?
2. రాత్రివేళ నొప్పులు వస్తే ఏ బండి? 108 రావడం ఆలస్యమైతే ఎవరిని పిలవాలి?
3. తల్లి వెంట ఎవరు ఉంటారు? బిడ్డ వెంట ఎవరు ఉంటారు?
4. మన ఆశా ఫోన్ నంబరు ఏమిటి?
5. దగ్గరలో పసిబిడ్డల ప్రత్యేక విభాగం ఎక్కడ ఉంది?
6. బిడ్డకు బాగాలేకపోతే బయలుదేరమని చెప్పే అధికారం ఎవరిది? ఆ మనిషి ఇంట్లో లేకపోతే ఎవరిది?

ఆరవ ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. మా అనుభవంలో చాలా గంటలు పోయేది అక్కడే. కొడుకు పనిమీద ఊరికి వెళ్ళాడనీ, మామగారు పొలంనుంచి రాలేదనీ ఎదురుచూస్తూ బిడ్డ నీరసించిపోతుంది. "బిడ్డ పాలు మానేస్తే ఎవరినీ అడగనక్కరలేదు, నువ్వే బయలుదేరు" అని కోడలితో, కూతురితో ముందే చెప్పి ఉంచండి. ఆ ఒక్క మాటకు ఖర్చు లేదు.

మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

ఈ పాఠాన్ని ఇంట్లో గాని, స్త్రీల కూడికలో గాని చదివి వీటి గురించి మాట్లాడుకోండి.

అ) మన ఇంట్లో బిడ్డ పుట్టగానే చేసే పనులలో మేలు చేసేవి ఏవి? మానుకోవలసినవి ఏవి?
ఆ) గడ్చిరోలిలో మరణాలు తగ్గడానికి కారణం యంత్రాలా, మనుషులా? మన ఊరిలో అటువంటి పని ఎవరు చేయగలరు?
ఇ) ప్రమాద సూచనలలో ఎన్ని చూడకుండా చెప్పగలము?
ఈ) మనకు తెలిసిన వారిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉందా? ఆమె దగ్గరకు వెళ్ళి కూర్చున్నామా?

కేరళలో బతికే బిడ్డ ఇంకొక చోట ఎందుకు బతకడం లేదని మొదట అడిగాము. అక్కడి బిడ్డల ప్రాణం గట్టిదని కాదు. అక్కడ ఆరు మెట్లలో విరిగినవి తక్కువ. మన దగ్గర విరిగిన మెట్లలో కొన్ని మావి. వాటిని మేము బాగుచేసుకుంటాము. కొన్ని మీ ఇంట్లో ఉన్నాయి. ఈ కాగితాన్ని పారవేయకుండా, ప్రమాద సూచనలు ఉన్న భాగాన్ని కత్తిరించి ఉయ్యాల దగ్గర గోడకు అంటించండి. మీ ఇంట్లో పసిబిడ్డ లేకపోతే, ఉన్న ఇంటికి ఇచ్చి రండి.